అమ్మగారికి మొదటి బహుమతి

మా తమ్ముడికి మర్యాద ఒక జబ్బు. చిన్నప్పుడు తట్టు పోసి తగ్గింది గానీ ఇది మాత్రం తగ్గలేదు. కూరగాయల బండి అతన్ని కూడా అయ్యగారూ అంటాడు. రాంగ్ నంబరు వచ్చినా కుశలం కనుక్కోకుండా ఫోను పెట్టడు. ఇక ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాలేజీ పిల్లయినా, కర్ర పట్టుకు నడిచే ముసలమ్మయినా వాడి నోట అందరూ అమ్మగారే. ఎవరినైనా పేరు పెట్టి పిలవాల్సి వస్తే, గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు మొహం పెడతాడు.

నాకు ఆ జబ్బు లేదు. నాది ముక్కు మీద కోపం. అందుకే మా ప్రెస్సులో కవులతో మాట్లాడే పని వాడిది, కవితలు చదివి పక్కన పడేసే పని నాది. మా పనులు తారుమారైతే ఈపాటికి ప్రెస్సు మూతబడేది.

ప్రెస్సు అంటే ఏదో ఊహించుకోకండి. మందుల షాపు మీద రెండు గదులు. ముందు గదిలో నా బల్ల, వాడి బల్ల, రోజూ ఏదో ఒక వంకతో మొరాయించే ప్రింటరు. వెనక గదిలో కాగితం కోసే మిషను, బంక డబ్బాలు, మేము వేసిన కవితా సంపుటాలు. ఆ వెనక గదిలో ఎప్పుడూ చోటుండదు. కవిత్వం కొనేవాళ్ళ కంటే రాసేవాళ్ళు ఎక్కువైతే ఏ ప్రెస్సులోనైనా వెనక గది అలాగే ఉంటుంది.

ఏటా ఒక కవితల పోటీ పెడతాం. రాసినవాళ్ళ పేర్లు మా తమ్ముడు చించి తన సొరుగులో దాచుకుంటాడు. నేను కవితలు మాత్రమే చదువుతాను. ఫలితం చెప్పడానికీ మాకో పద్ధతి ఉంది. సభలో ముందు కవిత చదువుతాం, ఆ తర్వాతే పేరు చెబుతాం. పేరు ముందు చెబితే జనం కవితను వదిలేసి మనిషిని చూస్తారు, చీర చూస్తారు, పక్కన మొగుడెవరా అని చూస్తారు. ఈ పద్ధతి నాదే. అందులో మార్పు ఉండదు.

ఈ ఏడు ‘ఇదిగో’ అనే కవిత వచ్చింది. కాగితం కోసే మిషను దగ్గర నిలబడి చదవడం మొదలుపెట్టి, సగంలో స్టూలు లాక్కుని కూర్చున్నాను. చదివాక కాసేపు ఎవరినీ తిట్టబుద్ధి కాలేదు. ఒక కవితకు నేను ఇచ్చే మార్కుల్లో అంతకంటే పెద్దది లేదు. "ఇదే మొదటిది, ఫోను చేసి చెప్పు" అని మా తమ్ముడికి ఇచ్చాను.

వాడు సొరుగులోంచి పేరు తీసి, అక్కడున్న నంబరుకు ఫోను కలిపాడు. ఇటువైపు మాటలే నాకు వినిపించాయి.

"నమస్కారమండీ అయ్యగారూ. కవితల పోటీ గురించి చేస్తున్నానండీ. అమ్మగారి కవితకు మొదటి బహుమతి వచ్చిందండీ."

అవతల ఆయన ఏదో అడిగాడు.

"అవునండీ, అమ్మగారికే. సందేహమే లేదు. ఆదివారం సాయంత్రం, లైబ్రరీ పై హాల్లో. ఇంటిల్లిపాదీ రావాలి మరి."

ఫోను పెట్టేసి, "గడియారాల షాపాయన అక్కా. సంతోషంతో పాపం ఆయనకు గొంతు పెగల్లేదు" అన్నాడు. వాడి కళ్ళూ చెమర్చాయి. నేను ప్రూఫులు దిద్దుకుంటూ ఊ కొట్టాను. అమ్మగారంటే ఎవరమ్మగారని నేను అడగలేదు. చెప్పాలని వాడికీ తోచలేదు.

శనివారం పొద్దున మెట్లమీద ఆయాసం వినిపించింది, ఆ వెనక ఒక మనిషి వచ్చింది. డెబ్భై దాటినావిడ. జుట్టు నున్నగా దువ్వుకుని, కళ్ళజోడు తాడుతో మెడలో వేసుకుని, మగపెళ్ళివారి తరఫున వచ్చినంత దర్జాగా గుమ్మంలో నిలబడింది. వెనకాల ముప్పై అయిదేళ్ళ కోడలు, చేతిలో సంచీ, గొడుగు.

"నువ్వేనా అమ్మా కవితలు చదివేది?" అంది పెద్దావిడ. "గడియారాల షాపతను మా వాడే. నీకో దండం పెట్టి వెళ్దామని వచ్చాను. నా కవితకు మొదటి బహుమతి ఇచ్చావట. మా వాడు చెబితే నమ్మలేదు. నీ నోటితో విందామని."

మా తమ్ముడు అప్పటికే కుర్చీ దులిపి వేశాడు. ఆవిడ కూర్చుంది. కూర్చుని, "రేపు సభలో చూసి చదవాలా, చూడకుండా చెప్పాలా? నాకు నోటికి వచ్చు, విను" అని మొదలుపెట్టింది.

"టిక్కు టిక్కున తిరుగు గడియారమా, నీకు తీరిక లేదటమ్మా. ముళ్ళు మూడున్నా ఎవ్వరినీ గుచ్చవు, గోడకు వేలాడి గొడవ పెట్టవు..."

ఆ కవిత నాకు గుర్తుంది. ముళ్ళ దగ్గర నవ్వుకున్నాను కూడా. నవ్వుకుని, మొదటి వడపోతలోనే పక్కన పెట్టేశాను. మా తమ్ముడి వైపు చూశాను. వాడికి ఇంకా ఏమీ అర్థం కాలేదు, తల ఊపుతూ తాళం వేస్తున్నాడు.

ఆవిడ చివరి చరణం దాకా చెప్పి, ఆయాసపడి, వెనక్కి చెయ్యి చాపింది. "ఇదిగో, ఆ నీళ్ళ సీసా ఇటివ్వు."

కోడలు సీసా మూత తీసి అందించింది. నేను ఆ పిల్ల మొహంలోకి చూశాను. ఇదిగో అన్న మాట ఆ గదిలో అందరం విన్నాం, కానీ నేను చదివిన కవిత ఆ మాటలోంచే పుట్టిందని నాకు ఒక్కదానికే తెలిసింది.

ఇంకో రోజైతే ఉన్నమాట మొహాన అనేసేదాన్ని. బహుమతి మీది కాదమ్మా, పొరపాటైంది, వెళ్ళి రండి అని. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ, "నాకు చదువు అయిదో తరగతి దాకానే అమ్మా. ఇంట్లో అందరికీ చెప్పాను. ఎదురింటావిడ కూడా వస్తోంది" అంది. నేను నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. నన్నెరిగిన వాళ్ళెవరూ ఈ సంగతి నమ్మరు.

"వీడు మీకు మిషను చూపిస్తాడు, చూసి రండి" అని ఆవిడను మా తమ్ముడితో వెనక గదిలోకి పంపించాను. కోడలు కూడా లేవబోయింది. "నువ్వు కూర్చో" అన్నాను.

కూర్చుంది.

"‘ఇదిగో’ రాసింది నువ్వేనా?"

ఆ పిల్ల వెనక గది గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి, "మీకెలా తెలిసిందండీ? పేర్లు చూడరన్నారుగా" అంది.

"చూడలేదు. విన్నాను. మొదటి బహుమతి నీ కవితకు. మా వాడి మర్యాద మండిపోనూ, అమ్మగారికి అన్నాడు ఫోనులో. మీ ఆయన వాళ్ళమ్మ అనుకున్నాడు."

సంచీ చెవులు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది. తన ఫోను ఎప్పుడూ పిల్లల చేతుల్లో ఉంటుందని షాపు నంబరు ఇచ్చిందట. తను పంపినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదట. అత్తగారూ పంపారని బహుమతి వచ్చాకే తెలిసిందట. "పోన్లే, ఆవిడకైనా వచ్చింది అనుకున్నానండీ. నిజంగానే సంతోషించాను. చీరకు ఇస్త్రీ కూడా నేనే చేశాను."

"ఇప్పుడేం చేద్దాం?"

"ఆవిడ పేరే చదివేయండి."

"ఏం చదవమంటావు, నీ కవిత చదివి ఆవిడ పేరా? కోడల్ని ఇదిగో అని పిలిచే అత్తగారి మీద కవిత, ఆ అత్తగారే రాసిందని చెప్పనా?"

నా మాటకు తనకు నవ్వొచ్చింది, ఆ వెంటే కళ్ళనీళ్ళూ వచ్చాయి. "అయితే నా కవిత తీసేయండి. రెండోదానికి ఇచ్చేయండి. అది చదివితే నలుగురిలో ఆవిడకు తలవంపులు. ఆవిడ చెడ్డది కాదండీ. నా కాన్పులకు మా అమ్మ రాలేకపోతే అన్నీ ఆవిడే చేసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్కసారి పేరు పెట్టి పిలవలేదు, అంతే. ఎందుకో అడగలేదు. అడిగేంత పెద్ద విషయమా అనిపిస్తుంది. మళ్ళీ రాత్రి పడుకుంటే అదే గుర్తొస్తుంది."

"మరి రాశావుగా."

"రాశాను. బహుమతి కూడా కావాలని ఉందండీ. అదే సిగ్గుగా ఉంది."

నాకు కోపం తన్నుకొచ్చింది. తన మీద కాదు, ఎవరి మీదో కూడా తెలియదు. "చూడమ్మా. నేను ఇన్నేళ్ళుగా ఎంత పెద్దవాళ్ళు సిఫారసు చేసినా వినలేదు. కవిత నీది, పేరు నీది. ఇచ్చేయడానికి నీకు హక్కు లేదు, మార్చడానికి నాకు లేదు. ఆవిడకు చెప్పాలి. అంతే."

వెనక గదిలోంచి ఆవిడ గొంతు వినిపించింది. "ఇదిగో, ఇలా వచ్చి చూడు, కాగితాన్ని గుమ్మడికాయ కోసినట్టు కోస్తోంది ఇది." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

వాళ్ళు మెట్లు దిగేదాకా ఆగి మా తమ్ముడికి విషయం చెప్పాను. వాడు తల పట్టుకున్నాడు. తప్పంతా వాడిదేనని నేను అనేలోపే వాడే అనేసుకున్నాడు, దాంతో నాకు తిట్టే అవకాశం కూడా పోయింది. "ఆడవాళ్ళ పేరు పరాయి మగాడి దగ్గర ఫోనులో ఎలా అనను అక్కా" అన్నాడు.

"ఆ పరాయి మగాడు ఆవిడ మొగుడేరా. వెళ్ళు. వాళ్ళిల్లు షాపు వెనకేగా, మధ్యాహ్నం షాపుకు వెళ్ళి, పెద్దావిడకు మెల్లగా చెప్పు. మెల్లగా చెప్పడం నీకే చేతనవును."

వెళ్ళాడు. సాయంత్రం వచ్చాడు. చేతి గడియారానికి కొత్త బెల్టు ఉంది.

"చెప్పావా?"

నీళ్ళు నమిలాడు. "చెప్పబోయాను అక్కా. అమ్మగారు కుర్చీ వేయించారు. టీ ఇచ్చారు. నా బెల్టు చూసి, ఇదేమిటి నాయనా అంచులు చిరిగిపోయి, అని కొడుకుతో మార్పించారు. అలాంటప్పుడు ఎలా చెప్పను?"

వాడిని ఏమన్నా లాభం లేదు. షాపుకు నేనే ఫోను చేశాను. అదృష్టం కొద్దీ కోడలే ఎత్తింది. నా గొంతు వినగానే, "నేనే చెబుతానండీ. మీరెవరూ రావద్దు. ఈ రాత్రి చెబుతాను" అంది. మాటిస్తావా అంటే, ఇస్తానంది.

ఆదివారం సాయంత్రం లైబ్రరీ పై హాలు నిండింది. నిండిందంటే, మా సభలకు ఎంత నిండాలో అంత. ముందు వరసలో గడియారాల షాపు కుటుంబం. కొడుకు కొత్త చొక్కా వేసుకున్నాడు. పిల్లలు కుర్చీల కింద దూరుతున్నారు. పెద్దావిడ ఇస్త్రీ మడత నలగకుండా నిటారుగా కూర్చుంది. పక్కన ఎదురింటావిడ. ఆ పక్కన కోడలు.

చెప్పావా అని కళ్ళతోనే అడిగాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, ఒడిలోకి చూసుకుంది.

రెండో బహుమతీ మూడో బహుమతీ ఇచ్చేశాం. మొదటిదాని కార్డు మా తమ్ముడి చేతిలో ఉంది. గెలిచిన కవితను మంచి కాగితం మీద అచ్చువేసి, కింద పేరు వేసి ఇస్తాం, అదే మా బహుమానం. కవిత చదవడం నా వంతు, పేరు చెప్పడం వాడి వంతు. "ఇవాళైనా పేరు పేరులా చెప్పు" అని వాడి చెవిలో అన్నాను. వాడు చెమట తుడుచుకున్నాడు.

నేను మైకు ముందుకు వెళ్ళాను. పెద్దావిడ అప్పుడే పమిట సర్దుకుని, లేవడానికి సిద్ధంగా కుర్చీ అంచుకు జరిగింది. నేను ఆవిడ వైపు చూడకుండా చదివాను.

"పెళ్ళికార్డు మీద నా పేరు బంగారు రంగులో అచ్చయింది.
అదే ఆఖరు.
ఆ ఇంట్లో అడుగుపెట్టాక నేను ఇదిగో.

ఇదిగో, పాలు పొంగుతున్నాయి.
ఇదిగో, తలుపు ఎవరో కొడుతున్నారు.
ఇదిగో, వీడికి ఒళ్ళు వెచ్చగా ఉంది చూడు.

ఇదిగో అంటే వస్తువును చూపించే మాట.
ఇదిగో కత్తెర. ఇదిగో తాళంచెవి.
నేనూ ఎక్కడో పెట్టి మరిచిపోతే
దొరికినదాన్నేమో."

హాల్లో ఆడవాళ్ళు నవ్వారు. పాలు పొంగడం దగ్గర మొదలైన నవ్వు, తాళంచెవి దాకా వచ్చేసరికి ఆగిపోయింది. అప్పుడు చూశాను. పెద్దావిడ కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. కోడలి వైపు తిరగలేదు. కళ్ళజోడు పెట్టుకుంది, వినడానికి కళ్ళజోడు ఎందుకో మరి. మిగతాది చదివాను.

"మొన్న జ్వరంలో అర్ధరాత్రి
ఆమె నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.
ఇదిగో, అంది.
ఏం కావాలని అడిగాను.
ఏమీ వద్దంది.
ఏ పనీ చెప్పని ఆ ఒక్క ఇదిగో
అచ్చం నా పేరులాగే వినిపించింది."

చప్పట్లు కొట్టారు. నేను పక్కకు జరిగాను. మా తమ్ముడు కార్డు పట్టుకుని మైకు ముందుకొచ్చాడు.

"ఈ కవిత రాసినవారు... అమ్మగారు..." అని, అక్కడే ఆగిపోయాడు.

పెద్దావిడ లేచి నిలబడింది.

జనం ఆవిడే కవయిత్రి అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఎదురింటావిడ అందరికంటే గట్టిగా కొట్టింది. కోడలు తల ఎత్తలేదు. కొడుకు ఒకసారి తల్లి వైపు, ఒకసారి భార్య వైపు చూసి, నోరు తెరుచుకుని ఉండిపోయాడు. చప్పట్లు ఆగేదాకా ఆవిడ అలాగే నిలబడింది.

"నేను కాదండీ" అంది. మైకు అక్కర్లేని గొంతు. "నాది గడియారం కవిత. అది ఎటు పోయిందో ఆ అమ్మాయిని తర్వాత అడుగుతాను." నా వైపు వేలు చూపించింది. అందరూ నవ్వారు, నేను తల వంచుకున్నాను. "ఇది మా కోడలిది. జ్వరం వచ్చింది నాకు. చెయ్యి పట్టుకుంది కూడా నేనే. నిద్రమత్తులో ఉంది, గుర్తుండదులే అనుకున్నాను."

మా తమ్ముడికి ప్రాణం లేచి వచ్చింది. తనే పేరు చెప్పే గండం తప్పుతుందనుకున్నాడో ఏమో, "అమ్మగారూ, తమరే పేరు చెప్పి పిలవండి" అన్నాడు. వాడి మర్యాద ఇన్నేళ్ళలో ఒక్కసారి పనికొచ్చింది.

ఆవిడ పమిట చెంగు వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడింది.

"అది మా అత్తగారి పేరండీ" అంది చివరికి. "పిల్ల పేరూ మా అత్తగారి పేరూ ఒకటే అయ్యాయి. మా అత్తగారి పేరు నేను ఎన్నడూ నోటితో అనలేదు. ఆవిడ ఉండగా అనలేదు, పోయాకా అనలేదు. వీళ్ళందరికీ ఆవిడ నాయనమ్మే, పేరు ఎవరికీ తెలియదు. ఈ పిల్ల ఇంటికొచ్చిన రోజు పిలవబోయాను, నోరు రాలేదు. ఇదిగో అన్నాను. అదే అలవాటైపోయింది. ఇంత బాధపడుతోందని నాకు తెలియదు."

కోడలు తల ఎత్తి ఆవిడను చూసింది. తనకూ ఈ సంగతి తెలియదని ఆ చూపులోనే కనిపించింది.

ఆవిడ అటు తిరిగింది. నేను కొంచెం దూరంలోనే ఉన్నాను, అందుకని స్పష్టంగా విన్నాను. మొదటి అక్షరం దగ్గర తడబడింది. ఒకసారి గొంతు సవరించుకుంది. ఆ తర్వాత కోడలిని పేరు పెట్టి పిలిచింది, పూర్తిగా, ఒక్క అక్షరం మింగకుండా.

కోడలు కదల్లేదు. ఆ గొంతులో ఆ పేరు ఎప్పుడూ వినలేదేమో, ఎవరిని పిలుస్తోందా అన్నట్టు వెనక వరస వైపు చూసింది.

"ఇదిగో, నిన్నే" అంది అత్తగారు.